ఈడు దాటిన విద్యార్థులు

"మొక్కై వంగనిది మ్రానై వంగునా" యను సామెత మన యిండ్లలో తఱచుగ వినబడుచుండును. పిల్లలకు నడవడి నేర్పుటకై పుట్టిన యీ మాటను మనవారు చదువునకు గూడ తగిలించిరి. పదునెనిమిదవ యేట కాలేజీ గడప త్రొక్కి, ఇరువదియొకటవ యేట పట్టము పుచ్చుకొన్నవారే చదివినవారని లోకము తలంచును. నడుమ మాని, ముప్పదియేండ్లకు మరల పుస్తకము పట్టినవారు ఏదో వేడుకకు చదువుచున్నారని నవ్వును. ఈ తలంపు మన పల్లెలకును పట్టణములకును మాత్రమే చెందినది కాదు. ప్రపంచమున మిక్కిలి పేరుగన్న విద్యాపీఠములలో నొకటియగు కొలంబియా విశ్వవిద్యాలయమున సైతము ఇది చిరకాలముగ వేళ్లూని యున్నది. ఆ వృత్తాంతమును మా సోదరీమణులకు విన్నవింప దలచితిమి. ఏలయన, చదువు నడుమ నాగిపోవుట మన యిండ్లలో ఆడువారికే తఱచుగ సంభవించుచున్నది.

పెద్దవయసున చదువబూనినవారిని జూచి నవ్వుట నిన్న మొన్నటి యాచారము కాదు. సోమదేవుని కథాసరిత్సాగరమున శాతవాహన మహారాజును గూర్చి యొక కథ గలదు. జలక్రీడవేళ రాణి "నీళ్లు చల్లవద్దు" అని సంస్కృతమున పలుకగా, ఆ మాటలోని సంధిని విడదీయనేరక రాజు కుడుములు తెప్పించెనట! రాణి పకపక నవ్వెను. ఆ నవ్వు రాజు గుండెలో ములుకై నాటెను. అన్నపానములు మాని, వ్యాకరణము నేర్చిననే గాని బ్రతుకనని పట్టుబట్టెను. గుణాఢ్యుడు ఆఱేండ్లు కావలెననెను. శర్వవర్మ ఆఱు నెలలు చాలుననెను. తుదకు రాజు ఆఱు నెలలలోనే నేర్చెనని కథ.

ఈ కథ చదివినపుడు మాకొక్క సంగతి తోచును. శాతవాహనుడు రాజు గనుక నవ్విన వెంటనే గురువు లిద్దరు పోటీపడి ముందునకు వచ్చిరి. అతడు సామాన్యుడై యుండిన యెడల నవ్వు మాత్రమే మిగిలియుండును; గురువు దొరకకపోవును. ఈ కాలపు గొప్ప విశ్వవిద్యాలయములు ఈడు దాటిన సామాన్యునకు గురువును చూపుచున్నవా, నవ్వును చూపుచున్నవా? ఇదియే మేమిచట విచారింపబూనిన విషయము.

కొలంబియా విశ్వవిద్యాలయము అమెరికా దేశమున న్యూయార్కు నగరమున నున్నది. 1754 వ సంవత్సరమున స్థాపింపబడినది. డాక్టరు అంబేద్కరుగారు 1913 మొదలు 1916 వఱకు విద్యాభ్యాసము చేసిన స్థలమగుటచే మన దేశమువారికి దీని పేరు చిరపరిచితము. బి. ఎ. పట్టమునకై వచ్చు విద్యార్థులకు ఇచట ఒక్కటే వాకిలి గాదు. హైస్కూలు ముగించిన వెంటనే వచ్చు బాలబాలికలకు కొలంబియా కాలేజీ గలదు. ఇది విశ్వవిద్యాలయమునకు సింహద్వారము వంటిది. ఈ సింహద్వారము 1983 వఱకు స్త్రీలకు తెఱువబడలేదు. అందుచేతనే దాని ప్రక్కన స్త్రీలకై 1889 లో బార్నార్డు కాలేజీ వెలసెను. ఇంజనీరింగునకు వేఱొక వాకిలి గలదు. ఇవిగాక మఱియొకటి గలదు. దాని పేరు స్కూల్ ఆఫ్ జనరల్ స్టడీస్. చదువు విడిచి యొక యేడుగాని అంతకు మించిగాని గడచినవారును, తగిన కారణముచే పూర్తికాలము చదువజాలనివారును ముఖ్యముగ ఈ వాకిటనే లోనికి రావలయును. మేము దీనిని ఈ వ్యాసమున జనరల్ స్కూలని పిలిచెదము.

ఈ వాకిలి ఎట్లు పుట్టెనో తెలిసికొనిన గాని దానిపై లోకమునకు గల చూపు అర్థము కాదు. ఇరువదవ శతాబ్దారంభము నుండియు కొలంబియా వారు పగలు పనిచేసికొని బ్రతుకువారికై సాయంకాలపు తరగతులు నడుపుచుండిరి. ఒంటరిగ విమానము నడిపి అట్లాంటిక్ మహాసముద్రమును దాటిన తొలి స్త్రీయని 1932 లో ప్రఖ్యాతిగాంచిన ఏమీలియా ఇయర్‌హార్టు, 1919 లో ఇచట చేరి కొలదికాలము చదివి పోయినది. రాత్రి చదువునకు గుర్తుగనే కాబోలు, జనరల్ స్కూలువారు గుడ్లగూబను తమ చిహ్నముగ నుంచుకొనిరి. మన దేశమున గుడ్లగూబ అపశకునము; యవనులకు అది విద్యాదేవత చెంత మసలు పక్షి. చూచువారి కన్నును బట్టి గదా మంగళమును, అమంగళమును!

ఈ ప్రక్కవాకిళ్లు కేవలము దయచే తెఱువబడినవి కావు. కొందఱిని సింహద్వారమున రానీయకుండుటకును అవి యుపయోగపడెను. 1928 లో కొలంబియా వారు బ్రూక్లిన్ ప్రాంతమున సెత్ లో జూనియర్ కాలేజీ యను నొకదానిని తెఱచిరి. వలసవచ్చిన యూదుల బిడ్డలు, ఇటలీవారి బిడ్డలు ప్రధాన కాలేజీలో హెచ్చుగ చేరకుండ మరలించుటకే అది యేర్పడినదని చరిత్రకారు లందురు. శాస్త్రకల్పిత కథలు వ్రాసి జగత్ప్రసిద్ధుడైన ఐజాక్ అసిమోవ్ రష్యాలో పుట్టిన యూదుడు. బ్రూక్లినులో మిఠాయి దుకాణము నడుపుకొనువాని కొడుకు. పదునైదేండ్ల ప్రాయమున, 1935 లో, కొలంబియా కాలేజీలో ప్రవేశము కోరగా అతనిని ఈ జూనియర్ కాలేజీకి పంపివేసిరి. పిమ్మట ప్రధాన విద్యాలయమునకే వచ్చి చదివినను, 1939 లో అతని కిచ్చినది బి. ఎ. గాదు, బి. ఎస్. పట్టము. ఆనాడు కొలంబియాలో బి. ఎ. కాలేజీ బిడ్డల సొమ్ము, ప్రక్కవాకిటివారికి బి. ఎస్. అసిమోవ్ పిమ్మట డాక్టరు పట్టము పొంది, రమారమి ఐదువందల పుస్తకములకు కర్తయో సంపాదకుడో యయ్యెను. అయినను పట్టములోని ఆ భేదమును ఆయన తన ఆత్మకథలో ప్రస్తావింపక మానలేదు. ఒక్క అక్షరపు భేదము మనిషి గుండెలో ఎంతకాలము గ్రుచ్చుకొని యుండునో దీనివలన తెలియుచున్నది.

ఇక రెండవ ప్రపంచ సంగ్రామము వచ్చినది. యుద్ధమునుండి మరలివచ్చు సైనికులకు చదువు ఖర్చులు ప్రభుత్వమే భరించునట్లు 1944 లో అమెరికాలో ఒక శాసనము చేయబడెను. ఇది విని పెద్దలు కొందఱు మిక్కిలి కలవరపడిరి. చికాగో విశ్వవిద్యాలయాధ్యక్షుడగు రాబర్టు హచిన్సు, కాలేజీలు పనిపాటులు లేని దిమ్మరులకు విడిదులగునని ఆ యేటనే పత్రికాముఖమున హెచ్చరించెను. హార్వర్డు అధ్యక్షుడగు జేమ్సు కొనాంటు, అర్హత లేనివారు గుంపులుగ వచ్చిపడుదురేమో యని శంకించెను. జరిగినది వేఱు. 1947 నాటికి ఆ దేశపు కాలేజీ విద్యార్థులలో ఇంచుమించు సగముమంది మాజీ సైనికులే. మొత్తము ఇరువదిరెండు లక్షలమంది ఆ శాసనబలమున కాలేజీ చదువులు చదివిరి. వారు పెండ్లాడినవారు, బిడ్డల తండ్రులు, మరణమును దగ్గఱనుండి చూచినవారు. కాలము విలువ యెఱిగి చదివిరి. వారివలన తరగతి సగటు పెరిగి తమ మార్కులు చిన్నబోవుచున్నవని పడుచు విద్యార్థులే వారిని తిట్టుకొనిరట! హార్వర్డు అధ్యక్షుడు సైతము, తమ విద్యాలయము చూచిన విద్యార్థులలో వీరంత పరిణతి గలవారు లేరని తరువాత మెచ్చుకొనెను.

ఆ వెల్లువలోనే, 1947 లో, కొలంబియా సాయంకాల విద్యాశాఖ జనరల్ స్కూలను పేర కొత్తరూపు దాల్చెను. ఇందు మొదటినుండియు స్త్రీలకు ప్రవేశము గలదు. అనగా సింహద్వారము స్త్రీలకు తెఱువబడుటకు 36 సంవత్సరములు ముందుగనే ఈ ప్రక్కవాకిలి వారిని లోనికి పిలిచినది. ఇల్లాండ్రు, ఉద్యోగినులు, వితంతువులు ఎవరైన సరే, అర్హత చూపి అదే విశ్వవిద్యాలయమున చదువవచ్చును. ఈ సంగతి చరిత్రలో చిన్న గీటుగ కనబడునేమో గాని, మా కంటికి పెద్దదిగనే కనబడుచున్నది.

వాకిలి తెఱచినంతమాత్రమున పీట వేసినట్లు కాదు. జనరల్ స్కూలువారు సాహిత్యము చదివినను, చరిత్ర చదివినను వారికి చాలకాలము బి. ఎస్. పట్టమే గతి యయ్యెను. 1968 డిసెంబరులో విశ్వవిద్యాలయ సభవారు వీరికిని బి. ఎ. ఇయ్యవచ్చునని తీర్మానించిరి. అప్పుడు అడ్డుచెప్పినవారెవరో తెలియునా? కొలంబియా కాలేజీ అధ్యాపకవర్గమే! పిమ్మట 1991 లో కాలేజీ అధ్యాపకవర్గము, జనరల్ స్కూలు అధ్యాపకవర్గము, పై చదువుల అధ్యాపకవర్గము ఏకమైనవి. నాటినుండి ఆచార్యులు వారే, తరగతులు అవియే, పరీక్షలు అవియే, పట్టమును ఇచ్చునది విశ్వవిద్యాలయమే. చట్టములో భేదము చాలవఱకు సమసిపోయెను. కన్నులలోని భేదము మాత్రము సమసిపోలేదు.

ఈ వాకిట ఎట్టివారు వత్తురో చెప్పవలెనన్న, మన వంటయింటికి దగ్గఱి యుదాహరణ మొకటి గలదు. ఝాక్ పెపాఁ యను ఫ్రెంచివాడు 1935 లో పుట్టెను. పదుమూడవ యేట బడి మాని హోటలు వంటసాలలో శిష్యుడుగ చేరెను. యౌవనమున ఫ్రాన్సు దేశాధినేతయగు డి గాలునకు వండిపెట్టెను. 1959 లో న్యూయార్కు చేరి, ఇంగ్లీషు నేర్చుకొనుటకని కొలంబియా తరగతులకు పోనారంభించెను. పగలు పొయ్యి కడ నిలిచి, తక్కిన వేళల చదివి, 1970 లో జనరల్ స్కూలునుండి బి. ఎ. పట్టమును, 1972 లో ఫ్రెంచి సాహిత్యమున ఎం. ఎ. పట్టమును పొందెను. డాక్టరు పట్టమునకై, ఫ్రెంచి సాహిత్యమున వంటకముల చరిత్రను పరిశోధింతునని కోరగా, ఆ విషయము పండితుల గౌరవమునకు చాలదని త్రోసివేసిరి. ఇప్పుడో, ఆహార చరిత్రను పెక్కు విశ్వవిద్యాలయములలో గంభీర శాస్త్రముగ బోధించుచున్నారు. అన్నము మాట చెప్పినవాడు వంటవాడగుటచే ఆ మాటకు విలువ లేకపోయెనా, లేక వంటయే చిన్నచూపు పొందినదా? రెండును నిజమే యని మాకు తోచుచున్నది. గరిటె పట్టినవారికి పాండిత్య ముండునని ఒప్పుకొనుట లోకమునకు కష్టము.

నేడు ఆ స్కూలులో మాజీ సైనికులు వందలకొలదిగ నున్నారు. అమెరికాలో ఐవీ లీగు అని పేరుపడిన ఎనిమిది ప్రాచీన విద్యాపీఠములలో మాజీ సైనికు లధికముగ చదువునది ఇచటనే. నాట్యమండలులలో బాల్యము గడపిన నర్తకులు, బిడ్డల తల్లులు, దుకాణములలోను, ఆసుపత్రులలోను పనిచేసినవారు, చిన్న కాలేజీలలో రెండేండ్లు చదివి ఇటు వచ్చినవారు గలరు. వీరిని తోటివారు ఎట్లు చూచుచున్నారు?

మొదటి యాక్షేపణ, వీరు సులువైన దారిని వచ్చిరనుట. ఇటీవల కొలంబియా కాలేజీ నూర్గురు దరఖాస్తుదారులలో రమారమి నలుగురికి మాత్రమే ప్రవేశ మిచ్చుచున్నది. జనరల్ స్కూలు అంతకంటె చాల హెచ్చుమందిని చేర్చుకొనును. కావున "మేము కొలంబియాలో చదువుచున్నాము" అని వీరు చెప్పినపుడు "ఏ కొలంబియా?" అను ప్రశ్న ఎదురగుట కద్దు. స్కూలు పేరు చెప్పిన తక్కువచూపు. చెప్పకున్న దాచిరను నింద. ఈ యాక్షేపణలో కొంత నిజము లేకపోలేదు. వాకిలి వెడల్పులో భేదమున్నమాట సత్యమే. కాని వాకిలి ఇఱుకైనంత మాత్రమున లోనికి వచ్చినవాని చదువు లోతు తెలియదు. లోతు తెలియునది తరగతిలోను, పరీక్షలోను. అవి యిరువురకు నొక్కటే. ఒకే ప్రశ్నపత్రమునకు ఒకే ఆచార్యుడిచ్చిన మార్కును, విద్యార్థి ఏ వాకిట వచ్చెనో అడిగి తగ్గించుట న్యాయమా?

రెండవ యాక్షేపణ, వీరు తరగతిలో తమ జీవితగాథలు చెప్పి కాలము హరింతురనుట. ఇది కొంత సరసమైన మాట. పెద్దవారికి చెప్పుకొనుట కెక్కువ యుండును. వినువారికి ఓపిక తక్కువ యుండును. అయినను దీనికి రెండవ ప్రక్క గలదు. కొలంబియాలో పాఠ్యముగ నున్న హోమరు కావ్యమున ట్రాయి యుద్ధము చదువునపుడు, నిజముగ యుద్ధభూమిని జూచి వచ్చిన యొకడు ప్రక్కబల్లపై కూర్చుండుట పడుచు విద్యార్థులకు పుస్తకము చెప్పజాలని వ్యాఖ్యానము. మన భారతమునే చూడుడు. స్త్రీపర్వమున గాంధారి విలాపమును పదునాఱేండ్ల బాలిక చదువుట యొకటి. కడుపుకోత యెఱిగిన తల్లి చదువుట యొకటి. శబ్దార్థములు ఇద్దఱికిని తెలియును. తెలిసినది మాత్రము ఒక్కటి గాదు. ఇద్దఱును ఒకే గదిలో చదివినపుడు ఇద్దఱికిని లాభమే.

మూడవది యాక్షేపణ గాదు, జాలి. "ఈ వయసున ఎంత కష్టపడుచున్నారో!" అని తల నిమిరినట్లు మాటలాడుట. ఇది మెచ్చుకోలువలె కనబడును గాని, చిన్నచూపునకు చెల్లెలే. ఆమె వాదమునకు బదులు చెప్పక ఆమె సహనమును పొగడుట, ఆమెను విద్యార్థినిగ నెంచకపోవుటయే. సోదరీమణులారా! ఇంటిలో మనము చెప్పిన మాటకు జవాబియ్యక "పాపము, రోజంతయు కష్టపడుచున్నది" అని మగవారు ముగించునపుడు మనకెట్లుండును? అదియే ఇదియు.

చూపుల మాట యటుంచి, డబ్బుమాటకు వత్తము. అసలు భేదము ఇచటనే యున్నదని మా యభిప్రాయము. కాలేజీలో చేరిన బీదవిద్యార్థికి కుటుంబస్థితి నరసి, కావలసిన ధనమంతయు విశ్వవిద్యాలయమే సమకూర్చును. 2008 నుండి అందులో అప్పు భాగము గూడ లేదు. జనరల్ స్కూలువారికి విద్యార్థి వేతనములు గలవు గాని, అవసరమంతయు తీర్చుదుమను మాట లేదు. అచట చదువును పాయింటులను లెక్కతో కొలుతురు. బి. ఎ. పట్టమునకు 124 పాయింట్లు కావలెను. ఇతరచోట్ల చదివినవానిలో 60 వఱకు కలుపుకొందురు. తక్కిన 64 పాయింట్లు ఇచటనే చదువవలెను. ఇటీవల ఒక్కొక్క పాయింటునకు రుసుము 2,000 డాలర్లకు పైబడినది. లెక్కవేసిన 1,28,000 డాలర్లకు తక్కువ కాదు. మన రూపాయలలో కోటికి మించును. ఇంటి అద్దె, బిడ్డల పోషణ దీనికి వేఱు. సైనికులకు ప్రభుత్వపు సాయము గలదు. ఒంటరి తల్లికో, దుకాణములో పనిచేయువానికో అప్పే దిక్కు. అప్పు పెరిగినపుడు ఒక తరగతి తగ్గించుకొందురు. ఒక యేడు ఆగుదురు. కొందఱు మరల రానే రారు. బుద్ధి చాలక ఆగిరని లోకము తలంచును. చాలనిది బుద్ధి గాదు, రొక్కము.

2022 లో దీనికి సాక్ష్యముగ నొక వింత బయటపడెను. అమెరికాలో యు. ఎస్. న్యూస్ అను పత్రికవారు ఏటేట విశ్వవిద్యాలయములకు తరతమ స్థానము లిత్తురు. కొలంబియా అందు రెండవ స్థానమున కెక్కియుండెను. అచటి గణితాచార్యుడే యగు మైకేల్ థాడియస్, తన విశ్వవిద్యాలయము ఆ పత్రిక కిచ్చిన లెక్కలు సరికావని కారణములతో నిరూపించి ప్రకటించెను. విశ్వవిద్యాలయమువారు కొన్ని లెక్కలు తప్పని ఆ సెప్టెంబరులో నొప్పుకొనిరి. స్థానము పదునెనిమిదికి దిగజారెను. మఱుసటి యేడు, 2023 లో, తామిక ఆ పోటీకి లెక్కలు పంపమని చెప్పివేసిరి. ఆ ఆచార్యుడు చూపిన సంగతులలో నొకటి మన విషయమునకు సంబంధించినది. ఇతర కాలేజీలనుండి మాఱివచ్చినవారు కొలంబియాకు ఏటేట వచ్చు బి. ఎ. స్థాయి విద్యార్థులలో పెద్ద భాగము. వారిలో జనరల్ స్కూలువారు పెక్కురు. ఎందఱు చదువు పూర్తిచేసిరను లెక్కలో ఆ పత్రిక అట్లు మాఱివచ్చినవారిని చేర్చనే చేర్చదు. చేర్చినచో శాతము తగ్గియుండును. చూచితిరా! రుసుము కట్టు బల్లకడ వీరు విద్యార్థులే; ప్రతిష్ఠ కొలుచు త్రాసులో మాత్రము వీరు లేరు. పండుగనాడు పదిమందికి వండి, పంక్తిలో లెక్కకు రాని యాడుబిడ్డవలె నున్నది వీరి స్థితి.

అన్ని చోట్లను ఇట్లే యున్నదని చెప్పుట న్యాయము కాదు. మసాచుసెట్సు రాష్ట్రమున స్మిత్ కాలేజీ యను పేరుగల స్త్రీల విద్యాలయము గలదు. సామాన్యపు ఈడు దాటిన స్త్రీలకై అచట 1975 లో నొక యేర్పాటు ప్రారంభమయ్యెను. దానికి ఏడా కామ్‌స్టాక్ అను విదుషి పేరు పెట్టిరి. ఆమె 1876 లో పుట్టి, స్మిత్ కాలేజీలో డీనుగ పనిచేసి, పిమ్మట 1923 మొదలు 1943 వఱకు రాడ్‌క్లిఫ్ కాలేజీకి అధ్యక్షురాలై, ఆ పదవి విడిచిన యేటనే, అఱువదియాఱేండ్లు దాటిన పిమ్మట వివాహమాడినది! ప్రతి పనికి లోకము విధించిన ఈడును ఆమె లెక్కచేయలేదు. ఆ యేర్పాటున వచ్చినవారిని స్మిత్ కాలేజీలో "ఏడాలు" అని ముద్దుగ పిలుచుకొందురు. ఒకచోట వాకిలి పేరు అనుమానమునకు గుఱియగుచున్నది. ఒకచోట మనిషి పేరు గౌరవముగ పలుకబడుచున్నది. పేరులో నేమున్నదందురు గాని, పెట్టినవారి మనసు అందులోనే యున్నది.

చదువు నడుమ గడచిన యేండ్లను లోకము లోటుగ లెక్కించును. మన పూర్వులు అట్లు లెక్కింపలేదు. ఛాందోగ్యోపనిషత్తున సత్యకామ జాబాలుని కథ మా పాఠకురాండ్రకు తెలిసినదే. గోత్రము తెలియని బాలుడు సత్యమాడినందున గౌతముడు అతనిని శిష్యునిగ గైకొనెను. కాని వెంటనే పాఠము చెప్పలేదు. చిక్కి శల్యమైన నాలుగువందల ఆవుల నప్పగించి, అవి వేయి యగువఱకు మరలిరానని సత్యకాముడు పోగా, పంపివేసెను. ఏండ్లు గడచెను. ఆ అడవిలో వృషభము, అగ్ని, హంస, నీటికాకి అతనికి బ్రహ్మోపదేశము చేసినవి. తిరిగి వచ్చినపుడు గురువు అతని మొగము చూచి, బ్రహ్మ మెఱిగినవానివలె వెలుగుచున్నావు, ఎవరు బోధించిరని యడిగెను. "ఇన్నాళ్లు ఆవులు కాచితివి, పాఠము మఱచితివి" అని యనలేదు. ఐనను సత్యకాముడు, గురుముఖమున విననిదే విద్య నిండదని వేడుకొనెను. గురువు బోధించెను. ఏమియు తగ్గింపలేదని ఉపనిషత్తు చెప్పుచున్నది.

ఇందు రెండు నీతులు గలవు. అడవిలో గడచిన యేండ్లు వ్యర్థములు గావని యొకటి. ఆ యేండ్లున్నవి గదా యని గురువు పాఠమున కొఱత చేయరాదని రెండవది. కొలంబియా 1991 నాటికి రెండవ నీతిని చాలవఱకు గ్రహించినది. ఒకే పాఠము, ఒకే పట్టము ఇచ్చుచున్నది. మొదటి నీతి ఇంకను తోటివారి మనసులకు ఎక్కలేదు. ధనసాయములోని భేదము తీరువఱకు రెండవదియు పూర్తియైనదని యనజాలము.

అంబేద్కరుగారు కొలంబియాలో చదివిరని పైన చెప్పితిమి. ఆయన పేరు వహించిన సార్వత్రిక విశ్వవిద్యాలయము మన హైదరాబాదు నగరమున నున్నది. ఇది 1982 లో, భారతదేశమున ఇట్టివానిలో మొదటిదిగ, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయ మను పేర వెలసి, 1991 లో ఆయన పేరు దాల్చెను. ఇంటిపనులు విడువజాలని స్త్రీలు ఎందఱో దీనివలన పట్టభద్రులైరి. వారిని మనము ఎట్లు చూచుచున్నాము? పెండ్లిసంబంధము మాటలాడునపుడు "ఓపెన్ డిగ్రీయా?" అని పెదవి విఱుచువారు మగవారు మాత్రమే కారు. న్యూయార్కులో "ఏ కొలంబియా?" అని యడుగు కుఱ్ఱవానికిని, మన వసారాలో పెదవి విఱుచు అత్తగారికిని భాష వేఱు గాని భావ మొక్కటే.

కావున మేము సోదరీమణులకు చేయు మనవి చిన్నది. మీ యింట కోడలో, చెల్లెలో, పనికత్తెయో మరల చదువదలచినపుడు ఆమె వయసు నడుగకుడు. ఏ గ్రంథము చదువుచున్నదో అడుగుడు. ఆమె ఓపికను పొగడకుడు; ఆమె చెప్పినదానికి బదులు చెప్పుడు. పరీక్షరుసుము వేళకు చీటిపాట డబ్బులో కొంత ఆమెకై తీసియుంచుడు. సాయంకాలమున రెండుగంటలు పొయ్యి బాధ్యత మఱియొకరు వహింపుడు. ఆశీర్వచనములకంటె ఆ రెండుగంటలు ఆమెకు హెచ్చుగ నుపకరించును.